గుండెలోని అడ్డుగోడ



నేను బడిపంతులుగ నున్న దినములలో ఒక బాలుడు పరుగిడునపుడెల్ల రొప్పి కూలబడెడివాడు. సోమరితనమని మందలించితిని. కొన్నాళ్ళకు ఆటస్థలముననే వాడు ప్రాణము విడిచెను. వాని గుండె కండరము మిక్కిలి దళసరియై యుండెనని పిదప వైద్యులు తేల్చిరి. ఆ మందలింపు నన్ను నేటికిని వెన్నాడుచున్నది. అందువలననే ఈ వ్యాధి చరిత్రను చదివితిని.

హఠాన్మరణము నొందిన యువజనుల గుండెలను పరీక్షించి, 1958లో లండను వైద్యుడు డొనాల్డ్ టియర్ ఈ వ్యాధిని విశదముగ వర్ణించెను. గుండెలోని రెండు జఠరికల నడిమి గోడ ఉబ్బి, బృహద్ధమనికి రక్తము పోవు దారిని అడ్డగించును. 1960 తరువాత అమెరికాలో ఆండ్రూ మారో యను శస్త్రవైద్యుడు రొమ్ము తెరచి, ఆ కండరమును కొంత కోసివేయు పద్ధతిని నెలకొల్పెను.

రొమ్ము తెరవకయే గుండెను చేరు మార్గము అంతకు పూర్వమే తెలిసినది. 1929లో జర్మను వైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మన్ తన చేతి సిరలో సన్నని గొట్టమును చొప్పించి, తన గుండెవరకు త్రోసికొనెను. 1956లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగము లభించెను.

ఈ మార్గమున 1994లో లండనునందు ఉల్రిక్ సిగ్వార్ట్ క్రొత్త చికిత్స కావించెను. గొట్టమును రక్తనాళము ద్వారా గుండెకు పంపి, నడిమిగోడను పోషించు చిన్న ధమనిని బుడగతో మూసి, అందు కొలది మిల్లీలీటర్ల శుద్ధమైన ఆల్కహాలును విడిచెను. అంతమేర కండరము నశించి, క్రమముగ పలుచనై, రక్తమునకు దారి యేర్పడును. అయినను ఇది అందరికిని తగదు. గుండె లయను నడుపు విద్యుత్ మార్గము దెబ్బతిన్నచో పేస్‌మేకరు అమర్చవలసివచ్చును.

మా చిల్కానగరమునకు చేరువనే, హబ్సిగూడలో, సి.సి.ఎం.బి. పరిశోధనాలయము కలదు. అచటి శాస్త్రజ్ఞుడు తంగరాజ్ మొదలగువారు 2009లో ఒక సంగతి ప్రకటించిరి. గుండె కండరమునకు సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరముల లోపము మన ఉపఖండమున సుమారు నూటికి నలుగురి యందున్నదట. అది యున్నంతమాత్రమున వ్యాధి తప్పదని కాదు, అవకాశము హెచ్చును.

తాళపత్రములను పరిష్కరించువారు లేఖకదోషము నెరుగుదురు. ఒక ప్రతిలో జారిన అక్షరము, దానిని చూచి వ్రాసిన ప్రతిలోనికిని దిగును. గొట్టపు చికిత్స దారిని విశాలపరచునే గాని, ఆ దోషమును దిద్దజాలదు. కావుననే ఇంట ఒకరికి ఈ వ్యాధి కనబడినచో తోబుట్టువులను, బిడ్డలను గూడ పరీక్షింపజేయవలెను.

ఆ బాలుని తమ్మునికి అట్లే పరీక్ష జరిగెను. వ్యాధి ముందే తెలిసినందున నేటికిని వైద్యుల రక్షణలో సుఖముగ నున్నాడు. ఉపాధ్యాయులారా, రొప్పుచున్న బిడ్డను మందలింపకుడు. ముందు వైద్యునికి చూపుడు.