పల్నాటి పల్లెల్లో పునరుత్థాన నిరీక్షణ: ఆధారాలు చెప్పేదెంత?

పల్నాడులో ఈస్టర్ మిరపకోతలు ముగిసే రోజుల్లో వస్తుంది. కల్లాల మీద కాయ ఎండుతుంటుంది. కౌలు ఎంత, పురుగుమందుల కొట్లో బాకీ ఎంత, గుంటూరు యార్డులో ధర ఎంత అనే లెక్కలు ఇంటింటా తేలేది అప్పుడే. అదే వారంలో నలభై దినాల శ్రమకాల కూడికలు పూర్తవుతాయి. గుడ్ ఫ్రైడే గడిచాక, ఆదివారం ఇంకా చీకటి ఉండగానే కుటుంబాలు సమాధుల తోటకు బయలుదేరతాయి. ముందురోజే గడ్డి చెక్కి, సున్నం కొట్టి, పూలు పెట్టి ఉంచిన సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తారు. కోస్తా జిల్లాల క్రైస్తవుల్లో చాలాచోట్ల ఉన్న ఆచారమే ఇది.

ఏడాది అప్పు తేలే రోజుల్లో తండ్రి సమాధి దగ్గరో బిడ్డ సమాధి దగ్గరో నిలబడి, ఈ మనిషి మళ్లీ లేస్తాడని నమ్మడం బతికి ఉన్నవాళ్లకు ఏం చేస్తుంది? ధైర్యమిస్తుందని పాస్టర్లు ఒక్క మాటలో చెబుతారు. కష్టాన్ని మరిపించే మాయ అని హేతువాదులు అంతే తేలిగ్గా అంటారు. రెండూ తొందరపాటు జవాబులే. ఈ ప్రశ్నకు చరిత్ర నుంచి, పల్లెల్లో చేసిన క్షేత్ర అధ్యయనాల నుంచి, వైద్య పరిశోధన నుంచి కొన్ని ఆధారాలు దొరుకుతాయి. ఏ ఒక్కటీ తనంతట తాను చాలదు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏదైనా తేలుతుంది.

చనిపోయినవాళ్లను తలచుకోవడం పల్నాటికి మిషనరీలు నేర్పిన పని కాదు. మాచర్ల దగ్గరి నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు ఛాయాస్తంభాలు బయటపడ్డాయి. క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల నాడు మరణించినవారి జ్ఞాపకార్థం నిలిపిన రాళ్లవి. కారెంపూడిలో కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరారాధన ఉత్సవాలు రాచగావు అనే మొదటి రోజు నుంచి కల్లిపాడు అనే చివరి రోజు వరకు అయిదు రోజులు సాగుతాయి. పల్నాటి యుద్ధంలో కూలిన వీరులను, వారి ఆయుధాలను అక్కడ ఇప్పటికీ కొలుస్తారు. మాల కన్నమదాసు ఆ వీరుల్లో ఒకడు కావడం దళితవాడల్లో అందరికీ తెలిసిన సంగతే. క్రైస్తవం ఈ నేలకు తెచ్చిన కొత్తదనం స్మరణలో లేదు. వీరుడో రాజో కానవసరం లేకుండా, మామూలు కూలిమనిషి దేహానికి కూడా భవిష్యత్తు ఉందని చెప్పడంలో ఉంది.

1842 జులై 31న గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1849లో గురజాలకు మకాం మార్చాడు. పల్నాటి లూథరన్ సంఘాల చరిత్ర అక్కడ మొదలవుతుంది. బాప్టిస్టుల పని ఒంగోలు వైపు నుంచి వచ్చింది. 1876–78 నాటి కరవులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించాడు. సహాయం నడిచినంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఒంగోలు క్షేత్రం విస్తరించి 1883లో నరసరావుపేట, వినుకొండ వేరే కేంద్రాలయ్యాయి.

గంజి కోసం మతం మారారని ఆనాటి నుంచీ ఒక మాట ఉంది. కూలి ఇస్తున్నప్పుడు బాప్తిస్మం ఆపారన్న సంగతి ఆ మాటకు కొంత అడ్డు వస్తుంది. అంతమాత్రాన ఆ జనాన్ని కదిలించింది పునరుత్థాన సిద్ధాంతమే అని చెప్పడానికీ వీల్లేదు. మెథడిస్టు మిషనరీ జె. వాస్కమ్ పికెట్ 1933లో అచ్చువేసిన సామూహిక మతాంతరాల అధ్యయనం దాదాపు నాలుగు వేల మందిని కారణాలు అడిగింది. సుమారు మూడో వంతు మంది ఆత్మసంబంధమైన కారణాలు చెప్పారు. మిగతావారు కుటుంబం వెంట వచ్చామనో, గౌరవం కోసమనో, సహాయం కోసమనో అన్నారు. ఆ సర్వే చర్చి వర్గాలే చేయించినది, జవాబులు చాలా ఏళ్ల తర్వాత చెప్పినవి. అందుకే దాన్ని తూకం వేసుకునే చదవాలి. అయినా ఒక సంగతి తెలుస్తుంది. ఆకలి, అవమానం, దేవుడు అనే మూడింటినీ ఆ మనుషులు మన పుస్తకాల్లోలా వేరువేరు అరల్లో పెట్టుకోలేదు.

ఇక్కడ ఆ నమ్మకంలోని సారం చూడాలి. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం సుమారు క్రీ.శ. 54, 55 నాటిది. క్రీస్తును చూశామన్న సాక్షుల పేర్లతో అది మొదలవుతుంది. చనిపోయాక ఆత్మ ఎక్కడో సుఖంగా ఉంటుందని చెప్పి ఊరుకోదు. విత్తిన దేహమే మార్పు చెంది ఘనతతో లేస్తుందని వాదిస్తుంది. అంటరాని దేహమని ఊరు తోసేసిన మనిషి చెవిన ఈ మాట పడితే ఎలా ఉంటుంది? ఆత్మ గొప్పదని వేదాంతం ఆ మనిషికి ఇదివరకే చెప్పింది, గురువులూ చెప్పారు. తోలు కుట్టిన చేతులు, నాట్లు వేసిన నడుము దేవుడికి కావాలని అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఈ నమ్మకం పల్నాటి పేటల్లో నాటుకోవడానికి ఇదొక బలమైన కారణమని నా అంచనా. అంచనాగానే రాస్తున్నాను.

ఈ అంచనాకు దగ్గరి సాక్ష్యం ఒక కవి జీవితంలో కనిపిస్తుంది. గుర్రం జాషువా 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. ఆయన శ్మశాన పద్యాలు హరిశ్చంద్ర నాటకం ద్వారా రెండు రాష్ట్రాల పల్లెలకూ చేరాయి. రాజూ పేదా ఒకే మట్టిలో కలిసే సమానత్వం వాటిలో ఉంది. ఆ కవే తర్వాత ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. హిందూ సమాజం కులం పేరుతో, చర్చి పురాణాలు చదివాడన్న నెపంతో ఆయన్ను దూరం పెట్టాయి. పునరుత్థానాన్ని ప్రకటించే సంఘమే బతికున్న మనిషిని వెలివేయగలదన్న చేదు నిజాన్ని కూడా ఈ లెక్కలో రాసుకోవాలి.

పరలోకం మీద ఆశ మనుషుల్ని ఈ లోకపు అన్యాయానికి తలవంచేలా చేస్తుందన్న విమర్శ పాతదే. దీన్ని పరీక్షించడానికి పల్నాటికి ఎంతో దూరం లేని చుండూరు చూద్దాం. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. మృతుల్లో పలువురివి బైబిలు పేర్లే. శవాలను ఊరవతల శ్మశానానికి పంపకుండా నడిబొడ్డున పూడ్చిపెట్టారు. ఆ చోటు రక్తక్షేత్రమైంది. బాధితులు ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు నిందితులందరినీ విడుదల చేసింది. ఈ పోరాటాన్ని క్రైస్తవ విశ్వాసం ఖాతాలో వేయడం అన్యాయం. దాన్ని నడిపించింది అంబేడ్కర్ ఆలోచన, దళిత మహాసభ, బొజ్జా తారకం వంటి న్యాయవాదుల కృషి. అయితే పునరుత్థానాన్ని నమ్మిన కుటుంబాలు చేతులు కట్టుకు కూర్చోలేదనడానికి ఇది చాలు. నమ్మకం మనిషిని లొంగదీసి తీరుతుందన్న సూత్రం ఇక్కడ నిలవదు.

ఇక క్షేత్ర అధ్యయనాల సంగతి. పి.వై. లూక్, జాన్ కార్మన్ మెదక్ ప్రాంతపు గ్రామ సంఘాల్లో తిరిగి 1968లో ఒక పుస్తకం ప్రచురించారు. కార్మన్, చిల్కూరి వసంతరావు అవే ఊళ్లను తిరిగి పరిశీలించి 2014లో మరొకటి రాశారు. పల్లె క్రైస్తవుల్లో పాత ఆచారాలు కొత్త విశ్వాసంతో కలిసే బతుకుతున్నాయని మొదటి పుస్తకం చూపించింది. జబ్బు నయమైందన్న అనుభవం ఎందరినో విశ్వాసంలోకి తెచ్చిందని రెండోది చెబుతుంది. పల్లెలో నిరీక్షణ కడదినపు బూర ధ్వనికంటే ముందు జ్వరం తగ్గిన రాత్రితో మొదలవుతుందన్నమాట. తెలంగాణ ఊళ్లలో తేలినది పల్నాటికి యథాతథంగా వర్తిస్తుందని అనలేం. కానీ ఇక్కడి స్వస్థత ప్రార్థనలకు వచ్చే జనాన్ని చూసినవాళ్లకు అది కొత్తగా అనిపించదు.

జనాభా లెక్కలతో మాత్రం జాగ్రత్త. 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడిగా నమోదైన దళితుడు ఎస్సీ హోదా కోల్పోతాడు. ఆదివారం చర్చిలో ఉండే మనిషి కాగితంలో క్రైస్తవుడు కాకపోవచ్చు. కాబట్టి ఆ శాతాన్ని పట్టుకుని, అప్పులతో నలిగే పల్లెల్లో విశ్వాసానికీ ఆత్మహత్యలకూ ముడిపెట్టే లెక్కలు ఎవరు చెప్పినా నమ్మకూడదు.

వైద్య పరిశోధనలో గట్టి ఆధారం అమెరికా నుంచి ఉంది. 2016లో జామా సైకియాట్రీలో వచ్చిన అధ్యయనం 89,708 మంది నర్సులను 1996 నుంచి 2010 వరకు గమనించింది. వారానికి కనీసం ఒకసారి ఆరాధనకు వెళ్లేవారిలో ఆత్మహత్యల రేటు అసలు వెళ్లనివారితో పోలిస్తే సుమారు అయిదో వంతే. ఆ పరిశోధకులు కొలిచింది ఆరాధనకు హాజరును. పునరుత్థానాన్ని ఎంత గట్టిగా నమ్ముతారన్నది కాదు. జీతమున్న అమెరికా నర్సు వేరు, పల్నాటిలోని దుర్గి దగ్గరి కౌలురైతు వేరు. దీనికి ఎదురుగా మరో అధ్యయనం ఉంది. కెన్నెత్ పార్గమెంట్ బృందం 2001లో 596 మంది వృద్ధ రోగుల మీద చేసిన పని అది. దేవుడు నన్ను వదిలేశాడు, శిక్షిస్తున్నాడు అనే మథనంలో ఉన్నవారిలో రెండేళ్లలో మరణించే ముప్పు ఎక్కువగా తేలింది. అంటే విశ్వాసం మందు కావచ్చు, అదే విశ్వాసం గాయాన్నీ కెలకవచ్చు.

ఇవన్నీ కలిపి చూస్తే నాకు తోచేది ఇది. పునరుత్థాన నిరీక్షణ ఒంటరి మనిషి తలలో సిద్ధాంతంగా ఉన్నప్పుడు ఎంత పనిచేస్తుందో ఆధారాలు చెప్పవు. పదిమంది చేరి దాన్ని పనిగా మార్చినప్పుడు అది పనిచేస్తున్న జాడలు కనిపిస్తాయి. చావు జరిగిన ఇంటికి పేట మొత్తం కదులుతుంది. భూస్థాపన, ఆ తర్వాత ఆదరణ కూడిక, కొన్నాళ్లకు జ్ఞాపకార్థ కూడిక, ఏడాది తిరిగేసరికి ఈస్టర్ తెల్లవారుజాము. వీటి వల్ల దుఃఖానికి ఒక తేదీ, ఒక తోడు దొరుకుతాయి. ఇందులో ఆడవాళ్ల పాత్ర పెద్దది. ఒకప్పటి బైబిలు స్త్రీల నుంచి నేటి స్త్రీల సమాజాల వరకు, ఇంట్లోకి వెళ్లి భర్తపోయిన మనిషి పక్కన కూర్చున్నది వాళ్లే.

ఇదే ఏర్పాటు చెడుగా కూడా మారుతుంది. “ప్రభువులో ఉన్నాడుగా, ఏడుస్తావేంటమ్మా, విశ్వాసం లేదా?” అని తల్లి నోరు మూయించేవాళ్లు ఉన్నారు. లాజరును లేపబోయే ముందు యేసే కన్నీళ్లు పెట్టుకున్నాడని యోహాను సువార్త 11వ అధ్యాయం చెబుతుండగా ఈ మందలింపుకు ఆధారమే లేదు. పురుగుమందు తాగి పోయినవాడి భూస్థాపనకు వెనకాడితే, ఆ ఇంటికి పార్గమెంట్ వర్ణించిన గాయమే తగులుతుంది. జ్ఞాపకార్థ కూడిక భోజనాలకు అప్పు చేయించడం మరో కీడు. అప్పుతో పోయిన మనిషి పేరిట ఇంకో అప్పు ఎందుకు?

కాబట్టి పల్నాటి సంఘ పెద్దలకు, పాస్టరుగార్లకు నా విన్నపం. భూస్థాపన నాడు వచ్చిన జనం మూడో నెలకు తగ్గిపోతారు, అప్పులవాళ్లు మాత్రం అప్పుడే వస్తారు. ఆ నెలలో ఆ ఇంటికి వెళ్లండి. కూడిక ఖర్చు తగ్గించండి, ఏడ్చేవారిని ఏడవనివ్వండి. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే ప్రార్థన చేసి ఊరుకోకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ నంబరు 14416 రాత్రింబవళ్లు పనిచేస్తుంది. ఫోనుకు డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. దాన్ని చర్చి గోడ మీద ఆరాధన వేళల పక్కనే రాయించండి.