హిస్టరీ ఛానల్: టీవీలో చరిత్ర కార్యక్రమాల క్షీణత

హిస్టరీ ఛానల్ అమెరికాకు చెందిన కేబుల్ టీవీ ఛానల్. ఏ అండ్ ఈ నెట్‌వర్క్స్ సంస్థ దీన్ని 1995 జనవరి 1న ప్రారంభించింది. చరిత్ర డాక్యుమెంటరీల కోసమే పుట్టిన ఈ ఛానల్ 2007 నుంచి రియాలిటీ షోల వైపు మళ్లింది. బుల్లితెర మీద చరిత్ర వెనకబడిన తీరుకు దీన్నే తరచూ ఉదాహరణగా చెబుతారు.

నేపథ్యం

1990 సెప్టెంబరులో పీబీఎస్ అనే ప్రజా ప్రసార వ్యవస్థలో అమెరికా అంతర్యుద్ధం మీద కెన్ బర్న్స్ తీసిన 'ది సివిల్ వార్' ప్రసారమైంది. పాత ఫొటోలు, సైనికుల ఉత్తరాలు, చరిత్రకారుల వ్యాఖ్యానాలతో సాగిన ఆ ధారావాహికను సుమారు 4 కోట్ల మంది చూశారు. టీవీలో చరిత్రకు గిరాకీ ఉందని దాంతో తేలిపోయింది.

తొలి దశ

రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫిల్ములు పుష్కలంగా దొరకడంతో హిస్టరీ ఛానల్ వాటినే ఎక్కువగా వాడుకుంది. 'హిట్లర్ ఛానల్' అన్న ఎగతాళి పేరు అలా వచ్చింది. అయినా చరిత్రకారుల మాటకు అక్కడ విలువుండేది. అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య వెనక ఆయన తర్వాత అధ్యక్షుడైన లిండన్ జాన్సన్ హస్తం ఉందని ఆరోపించే కార్యక్రమాన్ని 2003 నవంబరులో ప్రసారం చేయగా, జాన్సన్ భార్య, ఆయన దగ్గర పనిచేసినవారు తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. ఛానల్ ముగ్గురు చరిత్రకారులతో విచారణ చేయించింది. ఆరోపణకు ఆధారం లేదని వారు 2004లో తేల్చారు. ఛానల్ క్షమాపణ చెప్పింది.

మలుపు

2007 జూన్‌లో మంచుదారుల లారీ డ్రైవర్ల మీద 'ఐస్ రోడ్ ట్రక్కర్స్' మొదలైంది. తొలి భాగాన్ని 34 లక్షల మంది చూశారు. ఆ తర్వాత తాకట్టు దుకాణం నేపథ్యంగా 'పాన్ స్టార్స్' (2009), పాత సామాన్ల వేటగాళ్ల మీద 'అమెరికన్ పికర్స్' (2010) వచ్చాయి. ప్రాచీన కట్టడాల వెనక గ్రహాంతరవాసులున్నారనే 'ఏన్షియంట్ ఏలియన్స్' 2010లో ధారావాహిక అయింది. అంతకు ఆరేళ్ల ముందు ఆధారం లేని ఆరోపణకు క్షమాపణ చెప్పిన ఛానల్‌లోనే ఆధారం లేని వాదం ధారావాహికగా సాగింది.

కారణాలు

వాణిజ్య ఛానళ్లకు ప్రకటనలే ప్రాణం. ప్రకటనదారులు కోరుకునేది 18–49 ఏళ్ల ప్రేక్షకులను. ఖర్చూ ఒక కారణమే: డాక్యుమెంటరీకి పరిశోధన కావాలి, పాత ఫిల్ములకు హక్కుల రుసుము కట్టాలి. ఒక విషయం మీద తీశాక మరో విషయం వెతుక్కోవాలి. రియాలిటీ షోకు అవే పాత్రలు, అదే చోటు ఏళ్ల తరబడి సరిపోతాయి.

తర్వాతి పరిణామాలు

ప్రేక్షకులు చరిత్రను వద్దనుకోలేదు. ఇదే ఛానల్‌లో వచ్చిన 2012 నాటి చారిత్రక నాటకం 'హ్యాట్‌ఫీల్డ్స్ అండ్ మెకాయ్స్' ముగింపు భాగాన్ని కోటికి పైగా జనం చూశారు. 2013లో 'వైకింగ్స్' నాటక ధారావాహిక మొదలైంది. తెర మీద కథగా చరిత్ర నిలిచింది. ఆధారాలు చూపి వివరించే పద్ధతి పలచబడింది. డాక్యుమెంటరీలకు ఆశ్రయమిచ్చిన సోదర ఛానల్ హెచ్2 స్థానంలో 2016లో వైస్‌ల్యాండ్ అనే ఛానల్ వచ్చింది. 2011లో మన దేశంలో మొదలై తెలుగులోనూ ప్రసారమైన హిస్టరీ టీవీ18 కూడా ఈ అమెరికన్ షోల మీద బాగా ఆధారపడింది. 2025 జులైలో అమెరికన్ కాంగ్రెస్ ప్రజా ప్రసారాలకు కేటాయించిన సుమారు 110 కోట్ల డాలర్లను రద్దు చేయడంతో, ప్రకటనల ఒత్తిడి లేని పీబీఎస్‌కూ నిధుల కొరత ఏర్పడింది.