మన్రో అను ఇంటిపేరు

పత్తికొండలో కలరా సోకి 1827 జూలై 6వ తేదీన కన్నుమూసిన సర్ తామస్ మన్రో దత్తమండలముల వారికి చిరపరిచితుడు. ఆయన చేసిన పైమాయిషీ, రైతువారీ పద్ధతి ఎల్లరు ఎరిగినవే. ఆయన ఇంటిపేరునకును ఒక చరిత్ర కలదు.

స్కాట్లండు ఉత్తరభాగమున, క్రోమార్టి సముద్రశాఖ ఒడ్డున, ఫౌలిస్ అను కోట యున్నది. మన్రోలకు అదియే మూలస్థానము. ఆ సీమవారి ప్రాచీనభాష యగు గేలిక్‌లో ఈ వంశీయుని ‘రో ప్రాంతమువాడు’ అను అర్థమిచ్చు మాటతో పిలుతురు. పూర్వులు ఐర్లండులోని రో నదీతీరము నుండి వలసవచ్చిరని వంశగాథ. ఊళ్ళనుండి పుట్టిన తెలుగు ఇంటిపేర్ల వంటిదే ఇదియు. కాని ఒక భేదము గమనింపదగినది. తెలుగుదేశమున సాధారణముగా ఇంటిపేరు తండ్రినుండి కొడుకునకు సంక్రమించును. స్కాట్లండు కొండసీమలలోనో, నాయకుని భూమిని సాగుచేయుచు ఆతని అండను బ్రతుకు కౌలుదార్లును పెక్కుచోట్ల ఆతని పేరే ధరించిరి. కావున మన్రోలందరు ఏకరక్తసంబంధులని భావించుట పొరపాటు.

వంశగాథ పదునొకండవ శతాబ్ది వరకు ప్రాకినను, వ్రాతమూలకమైన ఆధారము దృఢముగా దొరకునది 1369లో మరణించిన రాబర్టు అను నాయకుని నుండియే. ఫౌలిస్ భూమికి రాజు కోరినపుడు నడివేసవిలో సైతము ఒక మంచుముద్ద చెల్లించవలెనను షరతు ఉండెనని ప్రతీతి. సమీపమందలి బెన్ వివిస్ పర్వతపు లోయలలో మంచు చాలకాలము కరగకుండుటచే ఆ శిస్తు వారికి భారము కాలేదు. శిస్తులు కట్టి నడుము విరిగిన రైతులు వినినచో నవ్వుకొందురు!

ఈ వంశమువారు ప్రధానముగా యోధులు. ఫౌలిస్ ప్రభువైన సర్ రాబర్టు మన్రో 1745లో ఫాంటెనాయ్ యుద్ధమున, శత్రువులు తుపాకులు పేల్చునపుడెల్ల తన సైనికులను నేలపై పరుండుడని ఆజ్ఞాపించి, తాను మాత్రము నిలువుననే యుండెనట. స్థూలకాయుడగుటచే పరుండినచో త్వరగా లేవజాలనని ఆయన సమాధానము. మరుసటి యేడు ఫాల్కిర్కు యుద్ధమున ఆయనయు, వైద్యుడైన సోదరుడును ఒకేచోట హతులైరి.

పేరు ఒకటైనను నడతలు ఒకటి కావు. 1764లో బక్సారు యుద్ధమునకు ముందు, తిరుగబడిన ఇరువదినలుగురు సిపాయిలను ఫిరంగులకు కట్టి పేల్పించినవాడు హెక్టర్ మన్రో. ఈతడే 1780లో హైదరాలీ ధాటికి తాళలేక, కాంచీపురపు చెరువులో ఫిరంగులను పడవైచి వెనుదిరిగెను. ఆ సేనలోనే, ఆ యేడే మద్రాసున దిగిన పందొమ్మిదేండ్ల తామస్ మన్రోయు ఉండెను.

తామస్ 1761లో గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి వర్జీనియా పొగాకు వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధముతో ఆ వ్యాపారము కూలెను. కుమారుడు సముద్రము దాటి కంపెనీ కొలువున చేరుటకు ఆ దారిద్ర్యమే కారణము. వర్జీనియాకే పూర్వము వలసపోయిన మరియొక శాఖయందు పుట్టిన జేమ్సు మన్రో, ఆ యుద్ధమున అమెరికా పక్షమున పోరాడి, 1817లో అమెరికా అధ్యక్షుడయ్యెను. ఒకే పేరువారిలో ఒకరిని కూల్చిన యుద్ధమే వేరొకరిని పైకెత్తినది.

తామస్ 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరు. 1820లో మద్రాసు గవర్నరు. ఆయన పౌత్రుడు హ్యూ మన్రో 1891లో స్కాట్లండులో మూడువేల అడుగులు మించిన శిఖరముల పట్టికను ప్రకటించెను. నాటినుండి అట్టి శిఖరమును ‘మన్రో’ అనియే వ్యవహరించుచున్నారు. ఇపుడు లెక్కకు వచ్చునవి 282.

స్వదేశమున ఆ పేరు పర్వతములకు అమరెను. దత్తమండలములలో మాత్రము అది ఇంటిపేరుగా గాక పెట్టుడుపేరుగా దిగినది. కలెక్టరు దొరపై గౌరవముచే తల్లిదండ్రులు బిడ్డలకు మన్రోలప్ప అని నామకరణము చేసిరి. ఫౌలిస్ కోటను కాని, రో నదిని కాని వారెవ్వరును చూచియుండలేదు.