మొదటి మెట్టు ఎంత ఎత్తు?

వైకుంఠపాళి పటము నెరుగని తెలుగు ఇల్లు అరుదు. ఆ పటమున పెద్దపాము మొదటి గడిలో నుండదు. శిఖరమునకు చేరువలో నుండును. క్రొత్తగా పాచిక చేతబట్టిన బాలుని తొలి అడుగుననే పాము మ్రింగినచో, వాడు మరల ఆ పటము వంక చూడడని దానిని గీచిన పెద్దలకు తెలిసియే యుండవలెను.

ఈ సంగతి కంప్యూటరు క్రీడల నిర్మాతలకు తెలిసివచ్చుటకు చాల కాలము పట్టినది. దేశదేశముల నుండి వేలాది జనులు ఒకే కల్పిత లోకమున ప్రవేశించి, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి ఆడు క్రీడలు నేడు పెక్కు కలవు. వీనిలో వీరునకు అప్పగించు కార్యమును ‘క్వెస్టు’ అందురు. క్రొత్తవానికి ఎంతటి క్వెస్టును అప్పగింపవలెను? చిన్నదిగా తోచు ఈ ప్రశ్నకు ఏబది సంవత్సరముల చరిత్ర కలదు. అందు ఆటకంటె పెద్ద విషయ మొకటి ఇమిడియున్నదని మా తలంపు.

1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను ప్రకటించిరి. దీనికి యంత్రముతో పని లేదు. కాగితము, పెన్సిలు, పాచికలు, నలుగురు మిత్రులు చాలును. అందు క్రొత్త మాంత్రికునకు దక్కు మంత్రము ఒక్కటే. దానిని పఠించినంతనే ఆనాటికి అతని విద్య ముగిసినట్లే. అయినను ఆ ఆటలో ఒక న్యాయము కలదు. నేలమాళిగలో ఎంత లోతునకు దిగిన అంత ఘోరమైన జంతువు ఎదురగును. దిగుటయు, దిగకుండుటయు ఆటగాని యిష్టము. అదియునుగాక, ఆటను నడుపువాడు ఎదుట కూర్చున్న మనుష్యుడే గనుక, పసివాని ముఖము చూచి కొంత కనికరించుటకు వీలుండెను.

1978లో ఇంగ్లాండులోని ఎస్సెక్సు విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా అను విద్యార్థి, పెక్కుమంది ఒకేసారి ఆడదగు ‘మడ్’ అను కంప్యూటరు క్రీడకు అంకురార్పణ చేసెను. సహచరుడైన రిచర్డ్ బార్టిల్ దానిని పెంచి పెద్ద చేసెను. అందు బొమ్మలు లేవు, అంతయు అక్షరములే. నిధులను వెదకి తెచ్చి చిత్తడినేలలో పడవేసినచో మార్కులు లభించును. అవి తగినన్ని కూడిననాడు ఆటగాడు మాంత్రిక పదవి నందును. ఇచట కనికరించు మధ్యవర్తి ఎదుట లేడు. యంత్రమునకు ముఖములు తెలియవు. క్రొత్తవాని కష్టమను సమస్య నిజముగా పుట్టినది ఇచటనే.

1997 సెప్టెంబరులో వెలువడిన ‘అల్టిమా ఆన్‌లైన్’లో ఆ సమస్య వేరు రూపు దాల్చెను. పట్టణములలో కావలి భటులుండిరి గాని, పొలిమేర దాటినంతనే సాటి ఆటగాండ్రే దారి కాచి క్రొత్తవారిని చంపి దోచుకొనిరి. తుదకు 2000లో నిర్వాహకులు లోకమును రెండుగా చేసిరి. ఒకదాన పాత పద్ధతియే నిలిచెను. రెండవదాన ఒకరినొకరు ఇష్టము లేనిదే కొట్టుకొనరాదు. పెక్కుమంది రెండవదానికే తరలిపోయిరి.

కష్టమునకు పేరుమోసిన క్రీడ 1999 మార్చిలో వచ్చిన ‘ఎవర్‌క్వెస్ట్’. దాని లోకము పేరు నోరాత్. క్రొత్తవాడు నగరద్వారము వెలుపల ఎలుకలను, గబ్బిలములను కొట్టుచు దినములు గడపవలెను. క్వెస్టు దొరకుటయే ఒక క్వెస్టు: పౌరులను పలుకరించి మాటలను టైపు చేయవలెను, తగిన పదము పడినగాని వారు కార్యమును చెప్పరు. కిథికోర్ అను అడవి పగటివేళ దాటదగినదే. ప్రొద్దు గ్రుంకినచో బలిష్ఠమైన ప్రేతములు సంచరించును. ఆ కాలమున మరణించినవాని సామగ్రి కళేబరముపైననే నిలిచిపోయెడిది. ఆర్జించిన అనుభవమునందును కొంత పోవును. వట్టిచేతులతో మరల అచటికే పోయి దానిని తెచ్చుకొనవలసి వచ్చెడిది.

ఇది క్రూరమని తోచును. కాని దీనికి మరియొక ముఖము కలదు. కళేబరమును తన చెంతకు రప్పించు విద్య ప్రేతమాంత్రికునకు తెలియును; పోయిన అనుభవమును పునరుజ్జీవన మంత్రముతో చాలవరకు మరల్చుట పురోహితునకు తెలియును. కనుక ఆపదలోనున్నవాడు ముఖమెరుగని పరదేశిని అర్థింపవలసి వచ్చెను. ఆతడును లేచి వచ్చెను. అట్లు కుదిరిన స్నేహములను ఆనాటి ఆటగాండ్రు నేటికిని తలచుకొందురు. అయినను పగలెల్ల పనిచేసి, రాత్రి ఒక గంట మాత్రమే తీరిక గల గృహస్థునకు ఆ లోకమున చోటు తక్కువ. కళేబరమును వెదకుటతోనే ఆ గంట కాస్తయు తీరిపోవును.

2004 నవంబరు 23న బ్లిజర్డ్ సంస్థ విడుదల చేసిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఈ గృహస్థునకు ద్వారము తెరచెను. క్వెస్టు నిచ్చువాని తలపై పసుపుపచ్చని ఆశ్చర్యార్థకము వెలుగును. ఎరుపు కనబడిన కార్యము శక్తికి మించినది, పసుపు తగినది, ఆకుపచ్చ సులభము, బూడిద వ్యర్థము. చచ్చినను అనుభవము పోదు; సామగ్రియు దేహముననే యుండును. అయినను ఎల్విన్ అడవిలో హాగర్ అను దుమ్ములగొండి ముఖపు నాయకుని నిర్మాతలు నిలిపిరి. ప్రకటన ఫలకము చూచి ఒంటరిగా వానిపై దూకిన క్రొత్తవారు పెక్కుమంది నేలగరచిరి. హాగర్ మూలముననే అనేకులు మొదటిసారి సహాయము నడిగిరి. మొదటి స్థాయి పాత్రలు గుంపులుగా కూడి వానిపై దండెత్తుట ఒక వేడుకగా కూడ మారెను.

2010 డిసెంబరులో ఆ లోకమును తిరుగ వ్రాసినపుడు హాగర్ కథయు మారెను: ప్రాణము పోవువేళకు సేనాని వచ్చి వానిని చెరసాలకు గొనిపోవును. 2018లో జంతువుల బలము ఆటగాని బలమునుబట్టి పెరుగునట్లు చేసిరి. 2020లో క్రొత్తవారి శిక్షణకై ఒక ద్వీపమునే కల్పించిరి. దారి నునుపైన కొలది తోడు అవసరము తగ్గెను. జనసమ్మర్దమున ఒంటరిగా నడచుట అలవడెను.

అంతట పాత కష్టమునే కోరువారు బయలుదేరిరి. 2019 ఆగస్టులో పూర్వరూపమును ‘క్లాసిక్’ అను పేర మరల తెరచిరి. ఒకే శత్రువును కొట్టవలసిన క్రొత్త పాత్రలు, ఎవరును శాసింపకయే, వరుసగా నిలిచి తమ వంతుకై వేచియుండిరి! 2023 ఆగస్టులో ఒక్కసారి మరణించిన పాత్రకు మరల జన్మ లేని సీమలను కూడ నెలకొల్పిరి.

ఈ చరిత్రవలన మేము గ్రహించిన దేమనగా, క్రొత్తవాడు భయపడినది కష్టమునకు కాదు. ఎచట ఏమి పొంచియున్నదో చెప్పువారు లేకుండుటకు, పడినపుడు లేవనెత్తువారు లేకుండుటకు భయపడెను. కష్టమును పూర్తిగా తీసివేసినచోట ఆట మిగిలినది గాని, చేయి చాచవలసిన సందర్భము మిగులలేదు. బడిలో క్రొత్తగా చేరిన బాలునకు, ఉద్యోగమున క్రొత్తగా ప్రవేశించిన యువకునకు, ఇంటికి క్రొత్తగా వచ్చిన కోడలికి మనము పెట్టు మొదటి మెట్టును గూర్చియు ఇట్లే విచారింపవచ్చును. మెట్టు కొంత ఎత్తుగా నుండిన నుండనిండు. ప్రక్కన ఒక చేయి మాత్రము ఉండవలెను.