ఐపీ పెట్టని పల్లె

అప్పు చరిత్ర మీద రాస్తున్న వరుసలో ఇది ఇంకో భాగం. కాస్త పొడుగైంది, ఓపికగా చదవండి.

మాది గుంటూరు వైపు. చిన్నప్పుడు ఊళ్ళో ఒక మాట తరచూ వినేవాణ్ణి: "ఆ పొగాకు వ్యాపారి ఐపీ పెట్టాడంట." ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. అప్పులు తీర్చలేనని కోర్టులో వేసుకునే దరఖాస్తు. మా మాదిగపల్లెలో అప్పు లేని గడప లేదు. ఐపీ పెట్టినవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఎందుకు?

దివాలా తీసినవాడి దగ్గర అన్నీ ఊడ్చుకుపోవడానికి చట్టం ఒప్పుకోదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60లో జప్తు చెయ్యకూడని వాటి జాబితా ఉంది. కట్టుకునే బట్టలు, వంట గిన్నెలు, పడుకునే పక్కలు. మతాచారం ప్రకారం ఆడమనిషి ఒంటి మీంచి తియ్యకూడని నగలు. చేతిపనివాడి పనిముట్లు. రైతు నాగలి, బతకడానికి అవసరమైన పశువులు, విత్తనాలు. కూలీల కూలి డబ్బులు. 1920 ప్రాంతీయ దివాలా చట్టం కూడా వీటిని దివాలాదారుడి ఆస్తిలో కలపకూడదంది. మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలకు 1909లో వేరే చట్టం వచ్చింది. అక్కడ బట్టలు, గిన్నెలు, పనిముట్లు అన్నీ కలిపి 300 రూపాయల విలువ దాకా మిగుల్చుకోవచ్చు.

చదువుతుంటే మంచి చట్టమే అనిపిస్తుంది. చెప్పులు కుట్టే మా తాత ఆరె, రంపె, గూటం చేతిపనివాడి పనిముట్లే కదా. అయితే అదే జాబితాలో ఇంటి సంగతి చూడండి. సొంతంగా ఉంటున్న ఇంటిని జప్తు నుంచి కాపాడే చోట 1908లో రాసిన మాట ఒక్కటే: వ్యవసాయదారుడు. ఆ పక్కన కూలీ, ఇంటి పనివాడు అనే మాటలు చేరడానికి 1976 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. అది 1977 ఫిబ్రవరి 1న అమలులోకి వచ్చింది. కూలీ తినే గిన్నె 1908లోనే గుర్తొచ్చింది. కూలీకీ ఒక ఇల్లు ఉంటుందని రాయడానికి దాదాపు 70 ఏళ్ళు పట్టింది.

దీనికంటే పాత జాబితా ఇంకొకటి ఉంది. మనుస్మృతి చండాలుడికి ఏ ఆస్తి ఉండొచ్చో చెప్పింది: కుక్కలు, గాడిదలు. శవాల మీది బట్టలు కట్టుకోవాలి, పగిలిన పాత్రల్లో తినాలి, ఇనప నగలు పెట్టుకోవాలి. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో తగలబెట్టింది ఈ పుస్తకాన్నే. కోర్టు జాబితా ఏం తీసుకోకూడదో చెప్పింది. మనువు జాబితా అసలు ఏం ఉండకూడదో చెప్పింది. మా పల్లె ఈ రెండింటి మధ్య బతికింది.

ఎలాగో మా ఇంటి సంగతే చెబుతాను. మా ముత్తాత కూతురి పెళ్ళికి కామందు దగ్గర అప్పు తెచ్చాడు. కామందు కోర్టుకు పోలేదు. అమీను రాలేదు, జప్తు కాగితం రాలేదు. పదేళ్ళ మా తాతను పాలేరుగా పెట్టుకున్నాడు, అంతే. ఆరె, రంపె ఇంట్లోనే ఉన్నాయి. వాటిని పట్టుకోవాల్సిన చేతులు కామందు దొడ్లో పేడ ఎత్తాయి. అసలు ఎంతో, వడ్డీ ఎంతో మా తాతకు చివరిదాకా తెలియలేదు. నాయనమ్మ పుస్తెలు కోర్టు తీసుకోలేదు. బియ్యం కోసం ఆమే తీసుకెళ్ళి తాకట్టు పెట్టింది. ఆ తర్వాత మెడలో పసుపు కొమ్ము మిగిలింది.

ఐపీ ఎందుకు పెట్టలేదో ఇప్పుడు అర్థమైందా? చట్టం రక్షణ కోర్టు గుమ్మం లోపల ఉంది. మనవాళ్ళ అప్పు ఆ గుమ్మం దాకా పోలేదు, కామందు వాకిట్లోనే ఒంటితో తీరింది. 1976లోనే వెట్టిచాకిరీ రద్దు చట్టం కూడా వచ్చింది. వెట్టి అప్పులు చెల్లవంది. వాటికోసం తాకట్టులో ఉన్న ఆస్తులు విడుదలైనట్టేనంది. వెట్టినుంచి విడుదలైనవాణ్ణి ఉంటున్న గుడిసెలోంచి వెళ్ళగొట్టకూడదంది. ఆ ఏడాదే సెక్షన్ 60లోకి కూలీ ఇల్లు ఎక్కింది. మన శరీరం, మన గుడిసె ఒకే ఏడాది చట్టం కంటికి ఆనాయి.

2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది. దాని కింద తాకట్టులో లేని ఇల్లు పల్లెలో 10 లక్షలు, పట్నంలో 20 లక్షల విలువ దాకా మిగులుతుంది. కానీ వ్యక్తుల దివాలా భాగాన్ని 2019 డిసెంబర్ 1న కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్ళ వరకే అమలు చేశారు. మామూలు మనిషికి ఇంకా ఆ 1909, 1920 చట్టాలే దిక్కు.

పల్లెల్లో పనిచేసే విద్యార్థి మిత్రులు ఒకటి గుర్తుపెట్టుకోండి. గ్రూపు అప్పు వాయిదా తప్పిందని ఏజెంటు వచ్చి గ్యాసు పొయ్యి, కుట్టుమిషను ఎత్తుకుపోతానంటే కోర్టు కాగితం అడగండి. జప్తు చేసే అధికారం కోర్టుది, ఏజెంటుది కాదు. కోర్టు మనిషైనా పొద్దుగూకాక, తెల్లవారకముందు జప్తు కోసం ఇంట్లో అడుగుపెట్టకూడదని సెక్షన్ 62 చెబుతోంది. ఈ మాట మా నాయనమ్మకు చెప్పినవాళ్ళు లేరు. మీరు మీ వీధిలో ఒక్కరికైనా చెప్పండి.

పాలేరు పద్దుల గురించి వచ్చే భాగంలో.