ఈపు తిప్పిన ఇల్లు

మాది బి.కొత్తకోట మండలంలో ఒక పల్లె. పల్లె అంటే ఊరు కాదు. మా పక్క ఊరంటే పెద్దకులాలోళ్ళు ఉండేది. పల్లె అంటే మేముండేది. ఊరి పేరు రాయడం లేదు. ఇందులో వచ్చే మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు. నేను సర్కారు బడిలో సోషల్ సారును. మా ఇంట్లో డిగ్రీ గట్టెక్కిన మొదటి మనిషిని.

బడిలో నేను చెప్పే చరిత్ర నిండా కోటలే. మా మండలం పేరులోనే కోట ఉంది. ఎవరు కట్టించినారు, ఎవరు కూల్చినారు, ఇవే పరీక్షలో వస్తాయి. మనుషులు పండుకునే ఇల్లు పరీక్షలో రాదు. అందుకే ఇక్కడ ఒక ఇంటి చరిత్ర రాస్తాను. మా ఇంటిదే. గొప్పగా చెప్పుకునేది కాదు. ఇంటి విషయంలో మేము చేసిన తప్పుల చరిత్ర. మా తాతది ఒకటి, మా నాయనది ఒకటి, నావి రెండు.

మా మండలంలోనే హార్స్‌లీ కొండ ఉంది. దాని పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. పందొమ్మిదో శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉండిన హార్స్‌లీ అనే తెల్లదొరకు ఎండాకాలంలో ఆ చల్లదనం నచ్చింది. కొండమీద బంగళా కట్టుకున్నాడు. కొండ పేరే మారిపోయింది. ఆ బంగళాకు రాళ్ళెవరు మోసినారో ఏ బోర్డు మీదా లేదు. మదనపల్లె తాలూకా అప్పట్లో కడప జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. 2022లో మా మండలం అన్నమయ్య జిల్లాలోకి పోయింది. జిల్లాలు మారినాయిగానీ కొండ కింద మావాళ్ళు పండుకునే నేల శానా కాలం మావాళ్ళది కాలేదు.

ఇది మా ఒక్క ఊరి కథ కాదు. 1891లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ అక్కడి పరయల బతుకు మీద మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక రాసినాడు. ఆయన ఎత్తిచూపిన సంగతుల్లో ఇంటిస్థలం ఒకటి. గుడిసె కూలివానిది, గుడిసె కింది నేల మిరాశీదారుది. ఎదురు మాట్లాడితే గుడిసె ఖాళీ చెయ్యాల. కాలికి గొలుసు వేయాల్సిన పనే లేదు, గుడిసే గొలుసు. ఆ మరుసటి ఏడు ప్రభుత్వం అణగారిన కులాలకు భూములు కేటాయించే ఉత్తర్వు ఇచ్చింది. తమిళనాడులో వాటిని ఇప్పటికీ పంచమి భూములంటారు. 1920ల్లో మద్రాసు ప్రభుత్వపు లేబర్ శాఖ ఇంటిస్థలాలు సేకరించి మనవాళ్ళకు వాయిదాల మీద ఇచ్చే పని కూడా చేసింది.

అవేవీ మా తాత గడప దాకా రాలేదు. తాత ఒక ఆసామి దగ్గర జీతగాడు. ఆ ఆసామి చేని గట్టున బోదకొట్టం వేసుకున్నాడు. 1975లో ఇందిరాగాంధీ ఇరవై సూత్రాల కార్యక్రమం ప్రకటించినాక, భూమి లేనోళ్ళకు ఇంటిస్థలాలిస్తామని ఆఫీసర్లు పల్లెల్లో తిరిగి పేర్లు రాసుకున్నారు. మా తాత వేలిముద్ర వెయ్యలేదు. "కాగితమెందుకురా, నేను లేనా?" అన్నాడంట ఆసామి. ఆ మాట తాతకు పట్టాకంటే గట్టిగా కనిపించింది. ఆసామి కాలం చేసినాక కొడుకులు చేను పంచుకున్నారు. కొట్టం ఉన్న గట్టు ఎవరి భాగంలోకి వచ్చిందో ఆయన నెలలోపల ఖాళీ చెయ్యమన్నాడు. "ఆ పొద్దు వేలు పెట్టింటే సరిపోయేదే" అని తాత చచ్చేదాకా అంటానే ఉండెనంట. మా అవ్వ చెప్పేది.

మా నాయనకు 1985లో కాలనీలో స్థలమిచ్చినారు. అప్పటికి రాష్ట్రంలో గృహనిర్మాణ సంస్థ పెట్టి ఆరేళ్ళు, ఎన్టీ రామారావు ప్రభుత్వం వచ్చి రెండేళ్ళు. పక్కా ఇళ్ళ మాట ఊరూరా వినపడతా ఉండె. మాకిచ్చిన చోటు చెరువు అలుగు కింద పల్లంలో. ఊళ్ళో మెరకన బంజరు ఉన్నా అది మా దాకా రాలేదు. ఆ ఏడే జూలై 17న కారంచేడులో మాదిగలను చంపినారు. బతికినోళ్ళు ఇళ్ళు వాకిళ్ళు ఇడిసి చీరాలకు పోయినారు. అక్కడే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. మా నాయనకు పేపరు చదవను రాదు. కానీ ఆ సంగతి టీకొట్టు కాడ విన్నాడు. "ఇల్లుంటే సాలదు, ఊరు ఊరకుండాల" అనేవాడు.

నాయన తప్పు ఏందంటే, పునాది బిల్లు రాగానే మధ్యమనిషి చేతిలో పెట్టినాడు. ముప్పై ఊళ్ళలో మిద్దెలకు రాయి కట్టిన చేతులు ఆయనవి. కానీ సర్కారు ఇల్లంటే సర్కారు మనిషే కట్టాలనుకున్నాడు. ఒక గది, ఒక వసారా. సిమెంటు ఎంత పోసినారో దేవునికెరుక. మూడో ఏడుకే గోడ నెర్రెలిచ్చింది. ఆ ఇంట్లో గట్టిగా ఉండింది ఒకటే, మా అవ్వ, మాయమ్మ కలిసి రాళ్ళూ మట్టీ మోసుకొచ్చి వేసిన తిన్నె. వీధి పక్కకు తిరిగి ఉండె. పల్లె ఆడోళ్ళు పొద్దుగూకితే ఆ తిన్నె మీదికే చేరేవాళ్ళు. నేను లాంతరు పెట్టుకుని చదివింది ఆ తిన్నె మీదనే.

2012 డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చింది. నాలుగేళ్ళకు మదనపల్లెలో ఇల్లు కొనాలని తిరిగినాను. మదనపల్లె చదువుల ఊరు. 1915లో అనిబిసెంట్ అక్కడ కాలేజీ పెట్టించింది. 1919లో టాగూరు వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. ఆ పాట నేను రోజూ పొద్దున పిల్లకాయలతో పాడిస్తాను. ఆ ఊళ్ళోనే ఒక పాత ఇల్లు బేరం కుదిరింది. అడ్వాన్సు ఇచ్చినాను. వారం తర్వాత ఇంటాయన ఫోన్ చేసినాడు. "సార్, మీరేమోళ్ళు?" చెప్పినాను. రెండు రోజులకు, ఇంట్లో ఆడోళ్ళు ఒప్పుకోవడం లేదని అడ్వాన్సు వెనక్కిచ్చినాడు. రూపాయి తగ్గించలేదు. మర్యాదగానే ఇచ్చినాడు. ఆ మర్యాదకు ఏ చట్టం కింద కేసు పెట్టాలో నాకు తెలియలేదు.

అంబేద్కర్ 1917లో బరోడాకు ఉద్యోగానికి పోయినప్పుడు ఊరంతా వెదికినా ఉండను చోటు దొరకలేదు. పార్సీ పేరుతో ఒక సత్రంలో తలదాచుకుంటే, కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టినారు. ఇది పాఠంగా చెప్పిన నేను, నా అడ్వాన్సు నా చేతికి తిరిగొచ్చినప్పుడు ఆయన్ను తలుచుకోలేదు. పంతం పట్టినాను. ఊళ్ళోనే కట్టి చూపిస్తా అనుకున్నాను.

మా నాయన ఇంటి పక్కన, రోడ్డుకు ఆనుకుని రెండు సెంట్ల స్థలం ఉండె. అది మా పల్లెలోనే ఒక పెద్దామెది. వరసకు నాకు పెద్దమ్మ. మొగుడు పోయినాడు, కొడుకు బెంగళూరులో కూలి. స్థలం డీకేటీ, ఆమె పేరుతోనే పట్టా. 2017లో బిడ్డ పెండ్లి అప్పు మీద పడి ఉండె. అరవై వేలకు మాట్లాడుకున్నాము. వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు. ఆమె వేలిముద్ర వేసింది. సాక్షి సంతకాలు మా పల్లెవాళ్ళే చేసినారు.

నాకు చట్టం తెలియక కాదు. 1977లో వచ్చిన 9వ చట్టం అసైన్డ్ భూముల అమ్మకాన్ని నిషేధించింది. పేదోళ్ళకిచ్చిన భూమిని, ఇంటిస్థలాన్ని ఎవరూ కొనకూడదు. కొన్నా చెల్లదు. అధికారులు వెనక్కి తీసుకుని అసలు పట్టాదారుకు ఇవ్వచ్చు. కొన్నవానికి శిక్ష కూడా ఉంది. ఈ చట్టం గురించి యూనియన్ మీటింగుల్లో నేనే మాట్లాడినాను. పెద్దకులాలోళ్ళు మన డీకేటీలు మింగుతున్నారని ఉపన్యాసమిచ్చినాను. నేను కొన్నప్పుడు మాత్రం, మనవాళ్ళ దగ్గర మనవాడు కొంటే తప్పేముందిలే అని మనసుకు సర్ది చెప్పుకున్నాను.

2018 ఎండాకాలంలో నాయన ఇల్లు కొట్టేయించి, రెండు స్థలాలు కలిపి కట్టినాను. తిన్నె పీకేటప్పుడు మాయమ్మ బయటికి రాలేదు. కొత్త ఇంటి మొగం రోడ్డుకు పెట్టించినాను. ముందర పోర్టికో, గ్రానైటు మెట్లు, స్టీలు గ్రిల్లు. బస్సులో పోయే ఊరోళ్ళు తల తిప్పి చూడాల, అదీ నా లెక్క. పల్లె పక్కకు తొమ్మిదడుగుల గోడ. కిటికీ కూడా పెట్టలేదు. వాస్తు ఒప్పుకోదని మేస్త్రీ అన్నాడు. వాస్తు నమ్మని నేను ఆ మాటకు మాత్రం తలూపినాను.

పోర్టికోకు డబ్బు పోసినోణ్ణి స్లాబు కాడ పిసినారినైనాను. స్లాబు పోసినాక దాని మీద మడవలు కట్టి కనీసం పదునాలుగు రోజులు నీళ్ళు నిలపాల. సిమెంటు గట్టిపడేది ఎండకు కాదు, నీళ్ళకు. మాది కరువు సీమ, బోరులో నీళ్ళు లేవు, ట్యాంకరు కొనాల. ఐదో రోజుకే సాలించినాను. "ఇంకో వారం పట్టురా" అన్నాడు నాయన. నాయన మాట తాపీపని చేసేవాని మాటగా విన్నాను. తెలిసినవాని మాటగా వినలేదు. 2021 నవంబరులో రాయలసీమ అంతా వాన ముంచెత్తినప్పుడు హాలు నడిమధ్య నీళ్ళు కారినాయి. సర్టిఫికెట్ల పెట్టె తడిసింది. అలుగు నీళ్ళు వెనకగోడ కాడ నిలిచినాయి. నా గోడ అడ్డం ఉండబట్టి ఆ నీళ్ళు వెనక ఉన్న నాలుగిళ్ళలోకి తిరిగినాయి. అందులో పెద్దమ్మది ఒకటి. అమ్మిన స్థలం పోగా మిగిలిన రేకుల గదిలో ఆమె ఉంటా ఉండె.

నీళ్ళు ఎత్తిపోసే దానికి పోయినాను. ఆమె కసువుకట్టతో నీళ్ళు తోస్తా ఉంది. నన్ను చూసి తిట్టలేదు. "నాయనా, మీ అవ్వ ఇల్లు మమ్మల్ని చూస్తా ఉండె. ఇది ఈపు చూపిస్తాది" అనింది.

తర్వాత ఇంకో సంగతి తెలిసింది. 2019 నుంచి ఆ చట్టానికి సవరణలు వచ్చినాయి. గడువు నిండిన ఇంటిస్థలాన్ని అసలు పట్టాదారు అమ్ముకునే వీలు వచ్చింది. ఆమె పట్టాకు గడువు ఎప్పుడో నిండింది. నేను కొనకపోయింటే ఆమె రోడ్డు పక్క స్థలాన్ని తన పేరుతోనే, మంచి ధరకు అమ్ముకునేది. లేకుంటే కొడుకు వచ్చి అంగడి పెట్టుకునేవాడు. అరవై వేలకు నేను కొన్నది రెండు సెంట్లు కాదు, ఆ వీలును కొన్నాను.

ఇప్పుడు లెక్క చూసుకుంటే, తాత తప్పు వెనక నూరేళ్ళ గుడిసె గొలుసు ఉంది. నాయన తప్పు వెనక, మనపని మనం చేసుకుంటే చాలదనే భయం ఉంది. నేను రోడ్డుకు మొగం పెట్టి కట్టడం వెనక మదనపల్లెలో తిరిగొచ్చిన అడ్వాన్సు ఉంది. ఈ మూడింటికీ చరిత్రను సాక్షిగా పిలవచ్చు. నాలుగోదానికి పిలవలేను. పెద్దమ్మ స్థలం కొనమని నన్ను ఏ ఆసామీ బెదిరించలేదు. అవసరంలో ఉన్న మనిషి, చట్టం తెలిసిన మనిషి ఎదురెదురుగా కూర్చుంటే తెలిసినవాడు లాభపడినాడు. ఊరు మాకు చేసింది ఇదే కదా.

నాకు ఇంకో దిగులు కూడా ఉంది. అంబేద్కర్ 1930లలో దాదర్‌లో రాజగృహ కట్టించుకున్నది పుస్తకాల కోసం. నేను కట్టిన ఇంట్లో టీవీకి గోడ ఉంది, పుస్తకాలకు లేదు. సాయంత్రం చదువుకోను వచ్చే పల్లె పిల్లకాయలు గ్రానైటు మెట్ల మీద చెప్పులు విడిచి, లోపలికి రాను జంకుతారు. తిన్నె ఉంటే జంకేవాళ్ళు కాదు.

పోయిన ఏడు పెద్దమ్మ కాడికి పోయినాను. చట్టప్రకారం స్థలం నీదే అని చెప్పినాను. ఇప్పటి ధర కట్టి, అరవై వేలు పోను మిగిలింది జీతంలోంచి నెలనెలా ఇస్తానని కాగితం రాసిచ్చినాను. ఆమె కొడుకును పిలిపించి చదివించినాను. పూర్తి కావను నాలుగేళ్ళు పడుతుంది. అంతవరకూ రిజిస్ట్రేషన్ మాట ఎత్తను. ఆమె కాగితం మడిచి డబ్బాలో పెట్టుకుంది. "డబ్బులు సరే నాయనా, ఆ గోడకు వాకిలి పెడతావా?" అనింది.

ఈ ఎండాకాలం సెలవుల్లో గోడ కొట్టించినాను. వాకిలి పెట్టి, నీళ్ళు పోయేదానికి కింద తూము వేయించినాను. వాకిలి ముందర తిన్నె నాయనే కట్టినాడు. డెబ్బై దాటినాయి, అయినా మేస్త్రీని దగ్గరికి రానియ్యలేదు. వారం రోజులు దానికి నీళ్ళు పట్టింది నేను.

చదువుకుంటున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. రేపు మీకూ ఉద్యోగాలొస్తాయి, మీరూ ఇళ్ళు కడతారు. కొనేముందు పట్టా ఎవరి పేరుతో ఉందో, ఆ పేరు కలిగిన మనిషి ఏ అవసరంలో అమ్ముతున్నారో రెండూ చూడండి. కట్టేముందు నీళ్ళు ఎటు పోతాయో చూడండి. మొగం ఎటు పెట్టాలో వాస్తు చెప్పే ఆయన్ను కాదు, మీ అవ్వను అడగండి.