జాతీయ జట్ల టెన్నిస్: పోటీ పద్ధతి, గెలుపు అవకాశాలు

డేవిస్ కప్ 1900లో అమెరికాలోని లాంగ్‌వుడ్ క్రికెట్ క్లబ్బు పచ్చిక కోర్టుల మీద మొదలైంది. కప్పును బహూకరించిన డ్వైట్ డేవిస్ తానే అమెరికా జట్టులో ఆడాడు. ఆ తొలి పోరులో అమెరికా బ్రిటిష్ దీవుల జట్టును 3-0తో ఓడించింది. రెండు దేశాల మధ్య జరిగే మొత్తం పోరును ‘టై’ అనీ, అందులోని ఒక్కో మ్యాచ్‌ను ‘రబ్బర్’ అనీ అంటారు. తర్వాత శతాబ్దానికి పైగా నిలిచిన పద్ధతిలో టై మూడు రోజులు సాగేది. మొదటి రోజు రెండు సింగిల్స్, రెండో రోజు డబుల్స్, మూడో రోజు ప్రత్యర్థులు మారి మరో రెండు సింగిల్స్ ఉండేవి. ప్రతి రబ్బరూ ఐదు సెట్ల ఆట. మూడు రబ్బర్లు గెలిచిన దేశానిదే టై.

ఈ లెక్కలో ఒక్క గొప్ప ఆటగాడు రెండు సింగిల్స్, ఒక డబుల్స్ గెలిచి దేశాన్నే గట్టెక్కించగలడు. 2015లో ఆండీ ముర్రే చేసింది అదే. ఆ ఏడాది ఆడిన 8 సింగిల్స్‌లోనూ నెగ్గి, అన్న జేమీతో కలిసి 3 డబుల్స్ గెలిచాడు. 1936 తర్వాత కప్పు మళ్లీ బ్రిటన్‌కు చేరింది.

రబ్బర్ల సంఖ్య కంటే ‘ఛాలెంజ్ రౌండ్’ అనే నియమం ప్రభావం ఎక్కువ. 1971 వరకు, గత ఏడాది విజేత ఆ ఏడాది పోటీలో తలపడాల్సిన పనిలేదు. మిగతా దేశాలు ఒకదాన్నొకటి ఓడించుకుంటూ వస్తే, చివరికి మిగిలిన జట్టు విజేత సొంతగడ్డకు వెళ్లి సవాలు చేయాలి. అంటే కప్పు నిలబెట్టుకోవడానికి ఏడాదికి ఒక్క టై, అదీ ఇంటి దగ్గరే. 1927లో అమెరికాను ఓడించి కప్పు తెచ్చుకున్న ఫ్రాన్స్, మరుసటి ఏడు దాన్ని కాపాడుకునే పోరు కోసమే పారిస్‌లో రోలాండ్ గారోస్ స్టేడియం కట్టింది. 1932 దాకా కప్పు అక్కడి నుంచి కదల్లేదు.

ఈ నియమం బరువు భారత్‌కు 1966లో తెలిసింది. కలకత్తా పచ్చిక మీద బ్రెజిల్‌తో టై 2-2 వద్ద ఉండగా, రామనాథన్ కృష్ణన్ చివరి రబ్బర్‌లో థామస్ కోచ్‌ను ఎదుర్కొన్నాడు. మూడు సెట్లు ముగిసేసరికి 1-2తో వెనకబడ్డాడు. నాలుగో సెట్‌లో 2-5. అక్కడి నుంచి ఆ సెట్ 7-5తో, ఆఖరి సెట్ 6-2తో గెలిచాడు. ఇంత పోరాడి ఛాలెంజ్ రౌండ్ కోసం మెల్‌బోర్న్ చేరిన జట్టు కోసం ఆస్ట్రేలియా ఏ అలసటా లేకుండా ఎదురుచూస్తోంది. కృష్ణన్, జైదీప్ ముఖర్జీ డబుల్స్‌లో న్యూకోంబ్, రోచ్ జోడీని ఓడించినా టై 4-1తో ఆస్ట్రేలియాదే అయింది. ఆస్ట్రేలియా బలమైన జట్టే, సందేహం లేదు. అయినా ఒక జట్టు వరుస టైలు గెలిచి రావడం, మరొకటి ఊరికే వేచి ఉండడం సమాన పోటీ అనిపించుకోదు.

1972లో ఛాలెంజ్ రౌండ్ రద్దయింది. 1973 వరకు కప్పు అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, ఆస్ట్రేలియాల చేతులు దాటలేదు (తొలినాళ్లలో ఆస్ట్రేలియా న్యూజిలాండ్‌తో కలిసి ఆడేది). ఆ వెంటనే 1975లో స్వీడన్, 1976లో ఇటలీ, 1980లో చెకోస్లొవేకియా తొలిసారి గెలిచాయి. ప్రొఫెషనల్ ఆటగాళ్లకు అనుమతి దొరకడమూ ఇందుకు ఒక కారణమే. 1974 విజేత దక్షిణాఫ్రికా సంగతి వేరు. వర్ణవివక్షకు నిరసనగా భారత్ ఫైనల్ ఆడనందువల్ల ఆ జట్టుకు కప్పు దక్కింది. కప్పు చేతికందే దూరంలో ఉండగా తీసుకున్న ఆ నిర్ణయం భారత క్రీడాచరిత్రలో గర్వించదగినది.

ఛాలెంజ్ రౌండ్ పోయినా సొంతగడ్డ అనుకూలత మిగిలింది. ఆతిథ్య దేశమే కోర్టు ఉపరితలాన్ని ఎంచుకుంటుంది. 1987లో మట్టి కోర్టు ఆటకు పేరున్న అర్జెంటీనాను భారత్ ఢిల్లీ పచ్చికకు రప్పించి 3-2తో గెలిచింది. సిడ్నీలో, అదీ పచ్చిక మీదే, ఆస్ట్రేలియాను ఓడించి ఫైనల్ చేరింది. అప్పుడు ఎంపిక స్వీడన్ వంతయింది. గోథెన్‌బర్గ్ ఇండోర్ స్టేడియంలో మట్టి కోర్టు పరిచింది. విజయ్ అమృత్‌రాజ్, రమేశ్ కృష్ణన్‌ల జట్టు 0-5తో ఓడింది.

మహిళల పోటీ ఇందుకు ఎదురు దారిలో నడిచింది. 1963లో లండన్ క్వీన్స్ క్లబ్బులో 16 దేశాలతో మొదలైన ఫెడరేషన్ కప్, ఒకే వేదికలో వారం రోజుల్లో ముగిసేది. టైకి మూడు రబ్బర్లు. 1995లో సొంతగడ్డ, పరాయిగడ్డ టైలు, ఐదు రబ్బర్లు వచ్చాయి. అయితే ఇక్కడ డబుల్స్ చివర్లో ఉండేది, కాబట్టి సింగిల్స్‌తోనే టై తేలిపోయే వీలుండేది. 2020లో దీనికి బిల్లీ జీన్ కింగ్ కప్ అని పేరు మార్చారు. మూడు రబ్బర్లకూ ఐదు రబ్బర్లకూ మధ్య తేడా ఎంతటిదో హైదరాబాద్‌లో పెరిగిన సానియా మీర్జా ఆడిన జట్టే చూపించింది. 2020 మార్చిలో దుబాయ్‌లో జరిగిన ఆసియా-ఓషియానియా పోటీలు మూడు రబ్బర్ల టైలు. ఇండోనేషియాతో 1-1 వద్ద సానియా, అంకితా రైనా జోడీ డబుల్స్ గెలవడంతో భారత్ తొలిసారి ప్లేఆఫ్‌కు అర్హత సాధించింది. 2021లో లాత్వియాతో ఆడిన ప్లేఆఫ్‌కు ఐదు రబ్బర్లు. అక్కడ నాలుగు సింగిల్స్ ఉండేవి కాబట్టి డబుల్స్ బలం ఒక్కటే చాలలేదు. భారత్ 1-3తో ఓడింది.

పురుషుల పోటీని ఒకే వేదికకు చేర్చే నిర్ణయం 2018 ఆగస్టులో ఓర్లాండోలో జరిగింది. ఫుట్‌బాల్ ఆటగాడు జెరార్డ్ పికే నాయకత్వంలోని కోస్మోస్ సంస్థ 25 ఏళ్లకు 300 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రతిపాదించింది. మూడింట రెండొంతుల ఓట్లు అవసరం కాగా 71 శాతానికి పైగా పడ్డాయి. 2019లో మాడ్రిడ్‌లో 18 జట్లు తలపడ్డాయి. రెండు సింగిల్స్, ఒక డబుల్స్, అన్నీ మూడు సెట్ల ఆటలు, అంతా ఒకే రోజు. ఆటను కుదించడానికి చేసిన ఈ మార్పులోనే అమెరికా, ఇటలీ టై తెల్లవారుజామున 4 దాటాక ముగిసింది. 25 ఏళ్ల ఒప్పందం 2023 జనవరిలోనే తెగిపోయింది.

కొత్త లెక్కలో డబుల్స్ విలువ ఐదో వంతు నుంచి మూడో వంతుకు పెరిగింది. ఒకే ఆటగాడి మీద ఆధారపడే గుణం మాత్రం తగ్గలేదు, మూడింట రెండు రబ్బర్లు ఆయనే ఆడవచ్చు. 2023లో మలగా సెమీఫైనల్‌లో ఇటలీ తొలి సింగిల్స్‌ను సెర్బియాకు కోల్పోయింది. తర్వాత జానిక్ సినర్ చివరి సెట్‌లో 4-5, 0-40 వద్ద వరుసగా మూడు మ్యాచ్ పాయింట్లు కాచుకుని నోవాక్ జొకోవిచ్‌ను ఓడించాడు. అదే రోజు లొరెంజో సొనెగోతో కలిసి డబుల్స్‌లోనూ జొకోవిచ్ ఉన్న జోడీపై నెగ్గాడు. అయితే సినర్ లేకుండానే 2025లో ఇటలీ వరుసగా మూడోసారి గెలిచింది.

ఒకే వేదిక పద్ధతి పోగొట్టింది సొంత ప్రేక్షకులను. తటస్థ నగరంలో రెండు పరాయి దేశాలు ఆడితే గ్యాలరీలు నిండడం కష్టం. ఏ దేశంలోనైనా పిల్లలు తమ జట్టును కళ్లారా చూసే అవకాశం ఇంటి టైతోనే వస్తుంది. 2025 పద్ధతి ఈ నష్టాన్ని కొంత పూడ్చింది. రెండు అర్హత రౌండ్లూ సొంతగడ్డ, పరాయిగడ్డ టైలుగా, ఐదు రబ్బర్లతో జరిగాయి. వాటిలో నెగ్గిన ఏడు జట్లు, ఆతిథ్య ఇటలీతో కలిపి ఎనిమిది, బొలోనియాలో మూడు రబ్బర్ల నాకౌట్ ఆడాయి.